రంగు వెనక ముఖం

దగ్గరికి జరగండి పిల్లలూ, గోడకు ఆనుకుని కూర్చుని వినండి. మా మేనమామ డిటెక్టివ్‌గా ఉన్న రోజుల మాట ఇది.

ఒక సాయంత్రం ఒక అమ్మాయి పరుగున ఆయన మేడమెట్లెక్కింది. "మా అక్కకు ఎవరో మందు పెడుతున్నారండీ!" అంది.

వాళ్ళక్క నాటక కంపెనీలో హీరోయిన్. కాళ్ళు తిమ్మిరెక్కి తూలుతోంది, ఒక కన్ను మసకబారింది. తల స్కానులో తెల్లమచ్చలు చూసి ఆసుపత్రిలో మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బన్నారు. వారంలో దాని మందు మొదలుపెడతారు. చెల్లెలి అనుమానమంతా రెండో హీరోయిన్ మీద, రోజూ అక్కకు టీ ఇచ్చేది ఆమే కనుక.

"టీలోనే ఉంది గురూ గుట్టు!" అన్నాడు మామయ్య శిష్యుడు గుండు.

"నీ బుద్ధెప్పుడూ టీ దగ్గరే ఆగుతుంది, పద," అన్నాడు మామయ్య.

చిన్నవాణ్ణి, నేనూ వాళ్ళ వెంటపడ్డాను. ఆ నాటకశాల ఇప్పుడు లేదు. పౌడరూ, చెమటా, వేడెక్కిన బల్బులూ కలిసిన, వేషాలు వేసుకునే ఆ గ్రీన్‌రూమ్ వాసన మాత్రం నా ముక్కును వదల్లేదు.

టీ సంగతి అడగ్గానే రెండో హీరోయిన్ కస్సుమంది. "విషం పెట్టేదాన్నయితే, పొద్దున్నే ఆవిడ జాకెట్టు హుక్కులు నేనెందుకు పెడతానండీ?"

"ఆవిడ పెట్టుకోలేదా?" అన్నాడు మామయ్య.

"వేళ్ళు బిగుసుకుపోతాయి. మధ్యాహ్నానికి గానీ కదలవు."

"ఎప్పుడు ఎక్కువవుతుంది?"

"ఎండలో, ఆరుబయట ఆడి వచ్చాక. జుట్టూ గుప్పెళ్ళకొద్దీ రాలుతోంది."

హీరోయిన్ తల్లి ఒకప్పటి నటి. "నా కూతురు రంగు వేసుకోందే గడప దాటదు అన్నయ్యా. నటి వట్టి ముఖం జనం చూస్తే వేషం చచ్చినట్టే," అంది.

"ఆసుపత్రికి కూడానా?"

"అక్కడ మాత్రం జనం లేరూ?"

మర్నాడు మామయ్య అందరినీ గ్రీన్‌రూమ్‌లో కూర్చోబెట్టి, ఆసుపత్రి డాక్టరమ్మనూ పిలిపించి, తను విన్నదంతా ఆమెకు చెప్పాడు. హీరోయిన్ చేతికి తడి తువ్వాలు ఇచ్చాడు. తల్లి అడ్డం వచ్చింది.

"చెల్లెమ్మా, వేషం పోతే మళ్ళీ వేసుకోవచ్చు. కన్ను పోతే?"

తల్లి పక్కకు జరిగాక హీరోయిన్ ముఖం తుడుచుకుంది, రంగు పోయింది. రెండు బుగ్గల మీదా, ముక్కు దూలం మీదా సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్టు ఎర్రటి దద్దు.

"ఏడాదిగా ఉంది. రంగు పడట్లేదేమో అనుకున్నాను," అంది హీరోయిన్.

డాక్టరమ్మ లేచి నిలబడింది. "ఇది నేను చూడనేలేదు! స్కాన్‌లో మచ్చలు మేమన్న జబ్బులోనూ, ఇంకో జబ్బులోనూ ఒకలాగే ఉండొచ్చు. కానీ ఈ దద్దు, కీళ్ళు, ఎండ పడకపోవడం చూస్తే లూపస్ అనిపిస్తోంది. అది నరాలతో ఆగదు, చర్మం, కీళ్ళు, మూత్రపిండాలు అన్నిటి మీదా పడుతుంది. రక్తం, మూత్రం, వెన్నునీరు చూస్తే తేలుతుంది. అందాకా ఆ మందు వద్దు, లూపస్‌ను రెచ్చగొట్టవచ్చు."

"విషమూ లేదు, దొంగా లేడు," అన్నాడు మామయ్య. "సాక్ష్యాన్ని దాచింది రంగు."

తల్లి ముఖం చేతుల్లో దాచుకుంది. చెల్లెలు రెండో హీరోయిన్ వైపు తిరిగింది. "అక్కా, నాకూ ఒక టీ ఇస్తావా?"

"ఇస్తాను. ముందు గుండుగారితో తాగించు!"

పరీక్షల్లో లూపస్ అనే తేలింది. సరైన మందు పడ్డాక చూపు చాలావరకు తిరిగొచ్చింది, ఎడమ కాలి తిమ్మిరి మాత్రం పూర్తిగా పోలేదు. ఎండలో ఆటలు మానేసి సాయంత్రాలే ఆడింది. ఆసుపత్రికి వెళ్ళే రోజున మాత్రం తల్లే కూతురి ముఖం కడిగేది, పసిపిల్లకు కడిగినట్టు.

ఇది మనసులో పెట్టుకోండి నాన్నా. డాక్టరు ముందు ఏదీ కప్పిపుచ్చకూడదని, రేపు మీ పిల్లలకు నా మాటగా చెప్పండి.