లంద అవతలి పట్టు

లబాసా ఏటి ఒడ్డున, మడచెట్ల మధ్య, తోళ్లు నానేసే లంద ఒకటుండేది. పొద్దుగూకాక అటు ఎవరూ వెళ్లేవారు కాదు. గిర్మిట్ రోజుల మాట ఇది, ఒప్పంద కాగితం మీద వేలిముద్ర వేయించి కూలీలను ఓడల్లో ఈ దీవి చెరుకు తోటలకు తెచ్చిన రోజులు. కూలీల మీద పెత్తనం చేసే సర్దారు దెబ్బలకు తాళలేక చెరుకు తోటలోంచి పారిపోయినవాడొకడు ఆ గుంటలో మెడదాకా దిగి దాక్కున్నాడట. తెల్లారేసరికి శవమై తేలాడు. ఏ ఊరివాడో, ఎవరి బిడ్డో... ఎవరికీ తెలియలేదు. అప్పట్నుంచి చీకట్లో తోలు లాగితే, అవతల ఇంకెవరో లాగుతారని చెప్పుకునేవారు.

ఆ లంద పోతయ్య, మున్సామి అనే అన్నదమ్ములది. గిర్మిట్ గడువు తీరాక ఇద్దరూ కలిసి కొట్టు పెట్టారు. తోలు పదును చేయడానికి తంగేడు చెక్క దొరకని దేశం, మడచెట్టు బెరడే గతి. దొరలకు బూట్లు, సర్దార్లకు తోలు సంచులు కుట్టేవాళ్లు. మున్సామి జ్వరంతో పోయాడు. అతని పీట మీద భార్య మంగమ్మ కూర్చుంది. పోతయ్యకు అది కంట్లో నలుసైంది.

"ఇక్కడ నీకేం లేదు. మళ్లీ తోటలోకి పో," అనేవాడు, ఆమె మొహం చూడకుండా.

"కుట్టేది నా చేతులు బావా. ఎక్కడికీ పోను."

ఒకరోజు చీకటి పడ్డాక, కావాలనే, తోలు తెమ్మని ఆమెనే పంపాడు.

వెళ్లింది. గాలి లేదు. బురదలో పీతలు చిటపటమంటున్నాయి. ఒడ్డున వంగి, చేతికి తగిలిన తోలు అంచు పట్టి లాగింది.

రాలేదు.

మళ్లీ లాగింది. ఈసారి అవతలి నుంచి — ఎవరో లాగారు.

మంగమ్మ కాళ్లు పరిగెత్తమంటున్నాయి. పరిగెత్తితే రేపు కొట్లో తనకు చోటుండదు. మడమలు బురదలో దిగేసి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి గుంజింది.

దబ్బున నీళ్లు చిమ్మాయి.

"మంగమ్మా..."

పోతయ్య గొంతు. అడ్డదారిన ముందే వచ్చి, అవతలి ఒడ్డున నక్కి, తోలు రెండో కొస పట్టుకున్నది ఆయనే; ఆమె గుంజిన ఊపుకు గుంటలో పడ్డాడు. అంతా అర్థమై ఆమె కడుపు మండింది. ఆయనకు ఈత రాదు. వెనక్కి తిరిగి వెళ్లిపోతే అడిగేదెవరు? దెయ్యం లాక్కుపోయిందంటే ఊరంతా నమ్ముతుంది...

నిలబడే ఉంది. ఆయన తల ఒకసారి మునిగి తేలింది.

"చెయ్యి..."

పళ్లు కొరుక్కుంటూ అవతలికి వెళ్లి చెయ్యి అందించింది. లాగింది. రొమ్ముదాకా పైకొచ్చాడు. అక్కడే ఆగిపోయాడు. ఎంత లాగినా కదలడు.

"కాలు వదులు," అన్నాడు పోతయ్య.

"నేను పట్టుకున్నది చెయ్యి బావా."

ఆయన మెల్లమెల్లగా కిందికి దిగుతున్నాడు. ఆమె చెయ్యీ దిగుతోంది...

మంగమ్మ నల్లటి నీళ్లలోకి చూసింది. చాలా నెమ్మదిగా అంది:

"వదిలెయ్యయ్యా... ఎంత చెడ్డా మా ఇంటి మనిషి."

పట్టు సడలింది. ఇద్దరూ ఒడ్డున వెల్లకిలా పడ్డారు.

ఆ తర్వాత పోతయ్య ఆమెను పొమ్మనలేదు. లంద వైపు మళ్లీ అడుగు పెట్టలేదు. తోళ్ల పనంతా మంగమ్మే చూసుకునేది, చీకటి పడ్డా సరే, ఒక్కతే.

ఒక్కతే అని జనం అనేవారు. ఆమె మాత్రం ఎప్పుడూ అలా అనలేదు.