కిటికీ సీటు

పొద్దున్నే కోడి ఉడుకుతున్న వాసనకే జురేమాకి ఒళ్లు మండింది. చెల్లెలు లూసియేన్ పొట్ట తగ్గించుకునే ఆపరేషన్‌కి వెళ్తోందని అమ్మ ఊరినుంచి బస్సులో కోడితో సహా దిగింది. ఆపరేషనయ్యాక కోడి గంజి తాగకపోతే ఆ గోయానియా ఊళ్లో కోలుకున్నట్టే కాదు మరి.

"నా సిజేరియన్‌కి రాలేదేం?" అంది జురేమా.

"అప్పుడు మీ నాన్న మంచంలో ఉన్నాడు కదే."

"దానికైతే అన్నీ కుదురుతాయి. చిన్నప్పుడు బస్సులో కిటికీ సీటు కూడా దానికే."

ఆస్పత్రిలో గంజి క్యారేజీతో అమ్మ బయట కూర్చుంది. లోపల, జురేమా పక్కనుండగానే, మత్తు డాక్టరమ్మ లూసియేన్‌ని అడిగింది. "బస్సెక్కితే కడుపులో తిప్పుతుందా? వాంతులవుతాయా?"

"అబ్బే, లేదండీ." ఆపరేషన్ వాయిదా వేస్తారని దాని భయం.

"మంచిది. మత్తు దిగాక వాంతులైతే పొట్టమీద కుట్లు లాగేస్తాయి. ఆ గుణం ఉన్నవాళ్లకి ముందే మందులిస్తాం."

జురేమాకి తెలుసు. అమ్మమ్మగారి ఊరెళ్లే ప్రతిసారీ దాని మూతి కింద సంచి పట్టింది తనే. అయినా నోరు మెదపలేదు. అందం కావాలిగా, అనుభవించనీ అనుకుంది.

స్ట్రెచర్ కదిలింది. అమ్మ పరుగున వచ్చింది. లూసియేన్ అక్క వేలు పట్టుకుంది. "నేను లేచేసరికి పక్కనే ఉండక్కా. సంచి పట్టడం నీకే వచ్చు," అని నవ్వబోయింది. దాని చెయ్యి చల్లగా ఉంది.

జురేమా స్ట్రెచర్ పట్టి ఆపింది. "ఆగండి డాక్టరమ్మా. బస్సు కదిలితే చాలు, దీనికి వాంతులే. అది అబద్ధమాడింది, నేను విని ఊరుకున్నాను."

"దీనికి ఆపరేషన్ ఆగదమ్మా, మందులు మారతాయంతే. దాచే మాటేనా ఇది?" అని కసిరి ఆవిడ లోపలికెళ్లింది.

"తెలిసే ఊరుకున్నావుటే?" అంది అమ్మ.

"అవును, కుళ్లు. నీకెప్పుడూ అదే ముద్దు."

మధ్యాహ్నం లూసియేన్ కళ్లు తెరిచేసరికి జురేమా సంచి పట్టుకుని కూర్చునుంది.

"తిప్పుతోందా?"

"లేదక్కా."

జురేమా భోరుమంది. "అమ్మ కిటికీ సీటు నీకిచ్చేదని ఇన్నేళ్లూ ఏడ్చానే."

"కిటికీయా?" లూసియేన్ గొంతు పీలగా వచ్చింది. "మన ముగ్గురికీ రెండు సీట్లేగా. నేను కిటికీ పక్కన సంచిలో కక్కుకుంటుంటే నువ్వు దర్జాగా అమ్మ ఒళ్లో కూర్చునేదానివి. ఆ ఒడి కోసం నేనెంత ఏడ్చానో నీకేం తెలుసు."

అమ్మ క్యారేజీ విప్పింది. "దానికి అప్పుడే ఏమీ పెట్టొద్దన్నారు. నువ్వూ పొద్దుట్నుంచీ తినలేదు," అంటూ మొదటి గిన్నె జురేమా చేతిలో పెట్టింది.

ఒక చేతిలో ఖాళీ సంచి, ఇంకో చేతిలో గంజి గిన్నె. కళ్లు తుడుచుకోడానికి జురేమాకి చెయ్యి లేకపోయింది. అమ్మే తుడిచింది.