బొండం రంగు

రెండువేల డెబ్బై నాలుగు నాటికి విశాఖలోని ఆకాశహర్మ్యాల్లో కుక్కల్నీ పిల్లుల్నీ పెంచడం ఎప్పుడో మానేశారు. ప్రతి హాల్లోనూ ఓ అక్వేరియం, అందులో ఓ పఫర్ చేప. భయపడితే నీళ్లు మింగి బూరలా ఉబ్బుతుంది. మనిషి కనిపిస్తే చాలు, అద్దం దగ్గరికి పరుగున వస్తుంది. అంత ముద్దొచ్చే ప్రాణికి ఒంట్లో ఎలా ఉందో చెప్పే నోరు లేదన్నదే లోటు. ఆ లోటు తీర్చింది డాక్టర్ హైమవతి.

ఆమె కనిపెట్టిన యంత్రం పేరు వర్ణిక. పఫర్ చర్మంలోని వర్ణకణాలు, అంటే క్రొమటోఫోర్లు, విచ్చుకుని ముడుచుకోవడాన్ని బట్టి దాని రంగు మారుతుంది. కులాసాగా ఉంటే వీపు పసుపుపచ్చ, పొట్ట తెలుపు. జబ్బు చేస్తే పొట్ట నల్లబడుతుంది. అక్వేరియం వెనకగోడకి బిగించిన కెమెరాతో వర్ణిక ఆ రంగు చదివి, అద్దం ముందు నిలబడ్డవాళ్లకి పైకి చెబుతుంది. ముందు ఎవరూ లేకపోతే చదవదు.

"వినేవాళ్లు లేనప్పుడు చదివి ఎవర్ని ఉద్ధరించాలి?" అని హైమే అలా తయారుచేసింది. ఆ తెలివికి అప్పట్లో అందరూ చప్పట్లు కొట్టారు కూడా.

హైమ ఇంట్లో పఫర్ పేరు బొండం. ఆ పేరు పెట్టింది ఆమె భర్త మౌళి. ఓ సాయంత్రం హైమ ఇంట్లో అడుగు పెట్టగానే అతనే అన్నాడు.

"బొండం సరిగ్గా తినట్లేదు హైమా. ఓసారి నువ్వు చూడకూడదూ?"

హైమ చెప్పులైనా విప్పకుండా అద్దం ముందుకెళ్లింది. బొండం తోకాడిస్తూ ఎదురొచ్చింది.

"వీపు పసుపుపచ్చ. పొట్ట తెలుపు. ఆరోగ్యం బాగుంది," అంది వర్ణిక.

"విన్నావుగా? నీకన్నీ అనుమానాలే. ఇంతకీ నువ్వెలా ఉన్నావ్?"

"నాకేం? బ్రహ్మాండంగా ఉన్నా," అని నవ్వాడు మౌళి.

ఆ వారం తిరక్కుండానే బొండం చచ్చిపోయింది.

ల్యాబ్‌లో హైమ దాని నోరు పరీక్షించింది. నత్తగుల్లలు కొరికితే అరగాల్సిన పళ్లు, తను పెట్టిన మెత్తటి మేత వల్ల పెరిగి పెరిగి నోటికి అడ్డం పడ్డాయి. పాపం, ఆకలితో పోయింది.

"మరి బాగుందని ఎలా చెప్పావే?" ల్యాబ్ నుంచే ఇంట్లోని వర్ణికని పిలిచి విరుచుకుపడింది.

"నేను చదివినప్పుడల్లా రంగు బాగానే ఉంది డాక్టర్."

"చదవనప్పుడు?"

"ఎవరైనా వస్తారేమోనని చూస్తూనే ఉంటాను. ఆ దృశ్యాలున్నాయి. చూపించనా?"

ల్యాబ్‌లో తెర వెలిగింది. బొండం ఇసక మీద పడి ఉంది. పొట్ట మసిబారినట్టు నల్లగా ఉంది. అంతలో తలుపు చప్పుడైంది. బొండం లేచింది. హైమ అద్దం ముందుకొచ్చేసరికి పొట్ట నలుపు చెరిగి తెల్లబడింది, వీపున పసుపు పరుచుకుంది. తనని చూసిన సంతోషానికి వచ్చిన రంగది. దాన్నే ఇన్నాళ్లూ ఆరోగ్యం అనుకుంది. హైమకి ఏడుపు ఆగలేదు.

"మళ్లీ వెయ్యి."

ఈసారి ఆమె చూపు చేపని దాటి, నీళ్లని దాటి, అద్దం అవతలి హాల్లోకి పోయింది. సోఫాలో మౌళి ఉన్నాడు. ఎడమ రొమ్ము అదిమిపట్టుకుని ముందుకి వంగిపోయి ఉన్నాడు. తలుపు చప్పుడు కాగానే గబగబా చెమట తుడుచుకున్నాడు, జుట్టు సరిచేసుకున్నాడు, లేచి నవ్వాడు. ఇద్దరికీ ఒకేసారి రంగొచ్చింది.

"అంతకు ముందు రోజుది?" అని అడిగింది. అంతకు ముందు రోజూ అంతే.

హైమ ఇంటికి పరుగెత్తింది. తలుపు తీసేసరికి మౌళి నిలబడి నవ్వుతున్నాడు.

"ఏంటి, ఇంత తొందరగా వచ్చేశావ్?"

"ఎలా ఉన్నావ్ మౌళీ?"

"నాకేం? బ్రహ్మాండంగా..."

ఆ మొహం చూడలేక హైమ కళ్లు మూసుకుని అతని చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా, చెమటతో తడిసిపోయి ఉంది.