ఏడో కుందేలు తొలి రక్తం

రుషికొండలో సముద్రం కనబడే ల్యాబే గానీ, పుష్పకి రోజంతా కనబడేవి కుందేళ్లే. మనిషి కాలేయంలో ఉండే ఒక ఎంజైమును కుందేలుకి సూదితో ఎక్కిస్తారు. నెలలు గడిచేసరికి దాని రక్తం ఆ ఎంజైమును ఎక్కడున్నా పసిగట్టేస్తుంది. ఆ రక్తంలోంచి తీసిన, అలా పసిగట్టే ప్రోటీన్లు, అంటే పాలీక్లోనల్ యాంటీబాడీలే పరిశోధనలకి పంపే సరుకు. అయితే ఈ ఎంజైము మందు ఎక్కించే ముందే చెవి నరంలోంచి కాస్త తొలి రక్తం తీసి దాచాలి. అది ఆ ఎంజైమును గుర్తుపట్టకూడదు. అప్పుడే సరుకు నికార్సైనదని లెక్క.

తొలి రక్తం తీశాక, కుందేళ్లని సాకే అబ్బులు చెవికి దూది అద్ది నొక్కిపట్టి, "ఏటీ అనుకోకు తల్లీ" అంటాడు. ఏడో కుందేలు వంతు వచ్చిన రోజు అబ్బులు రాలేదు. ఆనందపురం బస్సు తప్పిపోతుందన్న కంగారులో పుష్ప నేరుగా మందు ఎక్కించేసి, బస్సెక్కాక నాలిక్కరుచుకుంది. ఏం చేస్తుంది మరి! మర్నాడు ఆరో కుందేలు తొలి రక్తంలో సగం ఇంకో ట్యూబులో పోసి, ‘7’ అని రాసి ఫ్రీజర్లో పెట్టేసింది. ఎవడు చూడొచ్చాడని!

ఇవాళ సాయంత్రం ఏడో కుందేలు పరీక్ష ఫిల్ముని, అంటే రక్తం ఎంజైమును గుర్తుపట్టినచోట నల్ల గీత పడేదాన్ని, ల్యాబ్ డైరెక్టరు తిరుమలరావు చేతిలో పెట్టాలి. బాగుంటే ఉద్యోగం పర్మనెంట్. గుట్టు బయటపడితే మూడేళ్ల చాకిరీ గంగపాలు. ఏడో కుందేలూ ఇక లేదు, సరుకు కోసం నిన్ననే దాని రక్తమంతా తీసేశారు. గూడు ఖాళీ.

మధ్యాహ్నం మూడింటికి పుష్ప డార్క్‌రూమ్‌లో తలుపేసుకుంది. ఎర్ర బల్బు. ముక్కు మండించే, ఫిల్మ్ కడిగే మందునీళ్ల వాసన. పొద్దుట్నుంచీ కాలు ఒకచోట నిలవడం లేదు, మనసూ అంతే.

ధబ్.

గోడ అవతల కుందేళ్ల గది. భయపడితే అవి వెనక కాలితో నేలని అలాగే తన్నుతాయి.

"అబ్బులు బాబాయ్... ఏటా సప్పుడు?" తలుపు దగ్గర గొంతు తగ్గించి అడిగింది.

"ఏడో గూడమ్మా..." బయట్నుంచి అబ్బులు అన్నాడు.

"అది ఖాళీ గదా!"

"ఖాళీయేనమ్మా. నాను ఇప్పుడే సూసొచ్చాను..."

ధబ్... ధబ్.

పుష్ప మందునీళ్లలో ఫిల్మ్ ఊపింది. తొలి రక్తం వరస తెల్లగా ఉండాలి... తెల్లగానే ఉంది... అమ్మయ్య!

లేదు. నల్లటి గీత ఒకటి తేలుతోంది. మెల్లగా. చిక్కగా.

మందు ఎక్కించకముందే మనిషిని గుర్తుపట్టిన రక్తం... ఎవరిది?

ట్యూబు మారిపోయిందేమోనని ఫ్రీజరుకి పరుగెత్తింది. తలుపు తీస్తే మంచు పొగ. ‘7’ అని రాసిన ట్యూబు అక్కడే ఉంది. రాత తనదే. తేదీ మాత్రం ఇవాళ్టిది.

చేతిలోకి తీసుకుంది.

వెచ్చగా ఉంది.

"బాబాయ్..." అంటూ వెనక్కి తిరిగింది. అబ్బులు గుమ్మంలో నిలబడ్డాడు. అతని చూపు ట్యూబు మీద లేదు.

"పుష్పమ్మా... నీ సెవికి ఆ దూది ఎవులెట్టినారు?"

తడిమి చూసుకుంది. దూది తడిగా తగిలింది. వేళ్లు ఎర్రగా వచ్చాయి.

అబ్బులు పెదాలు బిగుసుకుపోయాయి. అయినా అతని గొంతే, ఖాళీ గూడు వైపు నుంచి, మెల్లగా...

"ఏటీ అనుకోకు తల్లీ."