రెండో విస్తరాకు

మధ్యాహ్నం రెండు గంటలకు పటాన్‌చెరు ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్ నుంచి ఓ అరబ్బు దీవికి పెద్ద అయిన ఇద్రీస్ మాయమయ్యాడు.

ఐదింటికి సంతకం. ఆ దీవి పక్క జలసంధిలోంచే మన చమురు ఓడలు రావాలి. వాటి కాపలాకు అక్కడ నేవీ బేస్ కావాలి. బేస్‌కి ఓడలు ఆగే ఇనుప జెట్టీ ఈ ఫ్యాక్టరీలోనే తయారవుతోంది. అది చూపించడానికే ఆయన్ని తెచ్చారు. సంతకం పడకపోతే ఏడాది బేరం గంగలో కలిసినట్టే.

ఇన్‌స్పెక్టర్ సునంద గది చూసింది. పెనుగులాట లేదు. బిర్యానీ ముట్టలేదు.

"డ్రైవర్ గులాం మొహమ్మద్ కూడా లేడు. ఫోన్ స్విచాఫ్," అన్నాడు మేనేజర్ భీమశంకరం. "గల్ఫ్‌లో చేసొచ్చాడు. ముసలాయన అరబ్బీ వీడికొక్కడికే అర్థమవుతుంది. కిడ్నాపే మేడం!"

"ఇద్రీస్ ఆఖరుసారి ఎక్కడ కనిపించాడు?" అడిగింది సునంద.

"షెడ్ వెనక, సమాధి దగ్గర," అంది నిషిత. బేరం నడుపుతున్న ఢిల్లీ అధికారి ఆమె. భయపడాల్సిన సమయమే. ఏడాది బేరంతో అలసిపోయిన ఆమెకు భయం కూడా కలగడం లేదు.

సునంద అక్కడికి వెళ్లింది. భూమి కంపెనీకి పోయినా, ఆ భూమిచ్చిన కర్దనూర్ ఊరి నర్సింహమ్మ మొగుడి సమాధి లోపలే ఉండిపోయింది. పెద్దలకు పెట్టే పెత్రమాస నాడు మాత్రం ఆమెకు గేట్‌పాస్ ఇస్తారు. ఇవాళ పెత్రమాస.

రెండు విస్తరాకులు. ఒకదాన్నిండా అన్నం, చిక్కుడుకాయ కూర. రెండోది ఖాళీ.

"వాచ్‌మన్ తినుంటాడు," అన్నాడు భీమశంకరం.

సునంద వంగి ఖాళీ ఆకు చూసింది. "నర్సింహమ్మ ఇల్లెక్కడ?"

"కొల్లూరు డబుల్ బెడ్రూం ఇండ్లల్లో."

నాలుగున్నరకు ముగ్గురూ అక్కడికి చేరారు. తలుపు తీసే ఉంది. ఇద్రీస్ చాప మీద కూర్చున్నాడు. పక్కన గులాం. నర్సింహమ్మ చాయ్ పోస్తోంది.

భీమశంకరం నోరెళ్లబెట్టాడు. "ఎట్లా కనిపెట్టారు?"

"సచ్చినోళ్లకు పెట్టింది మనకాడ ఎవ్వరు ముడుతరు సార్? రెండో ఆకు బతికున్న మనిషికి ఏసింది. గెస్ట్‌హౌస్‌ల తిననోడు గక్కడ తిన్నడు," అంది సునంద.

"నా తప్పేం లేదు మేడం," అన్నాడు గులాం. "భూమిచ్చినామె ఇల్లు చూపియ్యమని జిద్దు చేసిండు. గెస్టుల కారు అని గేటు కాడ ఆపలే."

ఇద్రీస్ నిషిత వైపు తిరిగి ఏదో అడిగాడు. గులాం తెలుగులో చెప్పాడు. "దీవిల మా అమ్మ గోరీ మీ బేస్ కంచె లోపలికొస్తది. నాకు గూడ పాస్ గావాల్నా?"

అబద్ధం చెబితే అయిపోయేది. నిషిత నేల చూసింది.

"కావాలి. ముందురోజే అడగాలి."

ఇద్రీస్‌కు కోపం రాలేదు. నెమ్మదిగా మాట్లాడాడు.

"సంతకం పెడతడంట," అన్నాడు గులాం. "కాని గేటు కాడ కూసునేది ఆళ్ల మనుషులంట. పాస్‌లు ఆళ్లిస్తరంట, మన సిపాయిలకు."

నిషిత ఢిల్లీకి ఫోన్ కలిపింది.

నర్సింహమ్మ గిన్నె కింద పెట్టింది. ఆమె గొంతులో ఏడుపు కూడా లేదు.

"భూమి కాయిదం మీద ఏలుముద్ర ఏసిననాడు గీ మాట నాకు తోచలే బిడ్డా."