పులి అని పేరు పెట్టిన కుక్క

రెండు వేల నాలుగు మార్చి మొదటి వారానికి గోవర్ధనరావు చేతిలో ఉన్నవి ఇవి: గుడివాడ రైల్వే గేటు దగ్గర సొంత ఇల్లు, ఇంటి వెనక గోడౌనులో మూడు వందల యాభై బస్తాల మినుములు, కొడుకు, కోడలు, ఒక మనవరాలు, ముప్పై ఏడేళ్ళుగా ఆయన మాటకి ఎదురు చెప్పని భార్య, గోడౌను ముందు గొలుసుకి కట్టిన ఒక కుక్క. ఇందులో కుక్క విలువ పెద్దగా లేదు. కుక్క మీద ఊరికి ఉన్న భయమే విలువైనది. ఆ భయాన్ని ఆయనే స్వయంగా తయారుచేశాడు.

అంతకు రెండేళ్ళ ముందు గోడౌను తాళం రెండుసార్లు పగలగొట్టారు. అప్పుడే కృత్తివెన్నులో రొయ్యల చెరువులున్న శోభనాద్రి, మద్రాసు నుంచి తెప్పించుకున్న పిట్ బుల్ కుక్కని వదిలించుకోవాలని చూస్తున్నాడు.

"కాపలాకి పనికిరాదు బావా ఇది. దొంగ వస్తే తోకూపుకుంటూ వెళ్ళి, ఏ చెరువులో రొయ్య ఎక్కువుందో చూపించే రకం. బుజ్జీ అంటే చాలు, బోర్లా పడి పొట్ట చూపిస్తుంది. మనుషులంటే పిచ్చి దీనికి" అన్నాడు శోభనాద్రి.

గోవర్ధనరావు కుక్కని ఎగాదిగా చూశాడు. వెడల్పు తల, రాతి దిమ్మలాంటి ఛాతీ, చెంపల దగ్గర ఉబ్బిన దవడలు.

"మొహం చాలు శోభనాద్రీ. గుణం సంగతి ఎవడు చూడొచ్చాడు?" అన్నాడు.

తీసుకొచ్చిన రోజే దానికి పులి అని పేరు మార్చాడు. మొవ్వ నుంచి మినుములు తెచ్చిన రైతులకి, హమాలీలకి, టీ కొట్టు దగ్గర కూర్చునేవాళ్ళకి ఒకటే మాట చెప్పాడు: "ఇది పట్టిందంటే వదలదు. దవడ బిగిస్తే ఇనప చువ్వతో విడదీయాల్సిందే." బయటివాళ్ళు వచ్చినప్పుడు చాటుగా గోడౌను రేకు మీద కర్రతో కొట్టేవాడు. ఆ చప్పుడుకి బెదిరి కుక్క మొరిగేది. వచ్చినవాడు నాలుగడుగులు వెనక్కి వేసేవాడు. ఆ తరువాత తాళం జోలికి ఎవరూ రాలేదు.

ఇంట్లోవాళ్ళకీ ఆయన అదే చెప్పాడు. ఒక్కరికి నిజం తెలిసినా సాయంత్రానికి బజారంతా పాకుతుందని ఆయన భయం. గోడౌను వాకిట్లోకి ఎవరూ రాకూడదన్నాడు. రోజూ రెండు పూటలా తనే అన్నం పెట్టేవాడు. అన్నం తిన్నాక కుక్క ఆయన పాదాల మీద తల పెట్టి పడుకునేది. ఎవరైనా చూస్తారేమోనని కాలు లాక్కునేవాడు. టీకా వేసే పశువుల డాక్టరుది తప్ప రెండేళ్ళలో ఇంకో మనిషి చెయ్యి దాని ఒంటి మీద పడలేదు.

ఆ బుధవారం పొద్దున్న ఎప్పటిలాగే నడుస్తోంది. కోడలు బిందు కేరేజీలో పులిహోర సర్దుతోంది. కొడుకు వెంకట్ ఒక చేత్తో స్కూటర్ తుడుస్తూ ఇంకో చేత్తో ఇడ్లీ తింటున్నాడు. గోవర్ధనరావు భార్య లక్ష్మీకాంతం, "రిక్షా వచ్చే టైమైంది, ఈ పిల్లెక్కడ?" అని కేకేస్తోంది.

ఎనిమిదేళ్ళ యశస్విని పెరటి గుమ్మంలోంచి వచ్చింది. ముంజేతి మీద నుంచి యూనిఫాం మీదకి రక్తం కారుతోంది.

"అయ్యో తల్లీ! ఏమైందే? ఎక్కడ పడ్డావే?" బిందు కేరేజీ వదిలేసి పరిగెత్తింది.

పిల్ల అందరి మొహాలూ చూసింది. "పులి కరిచింది" అంది.

ఇంకెవరూ మరో ప్రశ్న వేయలేదు.

డాక్టరు కృష్ణమూర్తి గాయాన్ని సబ్బు నీళ్ళతో చాలాసేపు కడిగాడు. "కుక్కకి టీకాలు వేయించారా?" అని అడిగాడు.

"ఏటా వేయిస్తున్నానండీ. కాగితం ఉంది" అన్నాడు గోవర్ధనరావు.

"అయితే ఇప్పటికి టీటీ చాలు. కుక్కని పది రోజులు కట్టేసి కనిపెట్టి ఉండండి. బాగానే తిని తిరుగుతుంటే పాపకి వేరే సూదులు అక్కర్లేదు. తేడా కనిపిస్తే మాత్రం వెంటనే రండి."

ఇంటికొచ్చాక వెంకట్ తండ్రి మొహం చూడకుండా అన్నాడు. "పది రోజులు ఉంచమన్నారు కాబట్టి ఉంచుతున్నా నాన్నా. పదకొండో రోజు పశువుల డాక్టరుతో సూది వేయించి చంపించేస్తాను. దాన్ని ఇంకెవరికైనా ఇచ్చి వాళ్ళ పిల్లల ఉసురు పోసుకోలేను."

"పదకొండో రోజుకి అది ఈ వాకిట్లో ఉంటే నేనూ పిల్లా మచిలీపట్నం వెళ్ళిపోతాం" అంది బిందు. ఆమె పుట్టిల్లు అక్కడే.

గోవర్ధనరావు సరేనన్నాడు. ఆయనకి అరవై రెండేళ్ళు. వాదించే ఓపిక తగ్గిపోయింది. కుక్క కరిచిందంటే మనసు ఒప్పుకోవడం లేదు. కానీ పశువు పశువే కదా, తను చూడని క్షణంలో ఏం చేసిందో అనుకున్నాడు. దానికి తోడు ఇంకో ఆలోచన కూడా వచ్చింది. సాయంత్రానికల్లా మనవరాలి సంగతి బజారుకి చేరింది. "ఇంటిపిల్లనే కరిచిందంట" అని హమాలీలు చెప్పుకుంటున్నారు. ఈ మాట ఇంకో రెండేళ్ళు గోడౌనుని కాస్తుందని ఆయనకి తట్టింది. తట్టినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఎవరికీ ఏమీ చెప్పలేదు.

మర్నాడూ, ఆ మర్నాడూ ఆయన కుక్కని చూస్తూ కూర్చున్నాడు. తింటోంది. నీళ్ళు తాగుతోంది. వాకిట్లో ఎవరి అడుగు వినిపించినా లేచి ఒళ్ళంతా ఊపుతోంది. ఎవరూ రాకపోతే మళ్ళీ పడుకుంటోంది. కిటికీలోంచి యశస్విని దానివైపే చూస్తోంది. పిల్ల అన్నం సరిగా తినడం లేదు. శుక్రవారం రాత్రి కలవరించిందని లక్ష్మీకాంతం చెప్పింది.

శనివారం పొద్దున్న బిందు పిల్ల చేతికి కట్టు మారుస్తుంటే గోవర్ధనరావు పక్కన నిలబడ్డాడు. బస్తాకి ఇనప గొట్టం గుచ్చి, గుప్పెడు మినుములు అరచేతిలో పోసుకుని సరుకేమిటో చెప్పడం ఆయన నలభై ఏళ్ళ పని. సంచీ మీద ఏం రాసుందో ఎప్పుడూ నమ్మలేదు. గాయాన్ని ఆ కళ్ళతో చూడటం ఆయనకి అదే మొదటిసారి. పక్కపక్కనే రెండు చిన్న పంటి గాట్లు, ఒక గీత. గబుక్కున కొరికి పారిపోయిన నోరు అది.

ఆయన వెనక్కి వెళ్ళి, గొలుసు విప్పి, కుక్కని పెరటి మెట్ల దగ్గరికి నడిపించుకొచ్చాడు.

"మావయ్యగారూ! ఏం చేస్తున్నారు మీరు?" బిందు పిల్లని ఎత్తుకుని గోడకి అతుక్కుపోయింది.

"నాన్నా, మతి పోయిందా? కట్టెయ్యండి దాన్ని!" వెంకట్ కర్ర కోసం వెతికాడు.

గోవర్ధనరావు మెట్టు మీద కూర్చుని, కుక్క నోరు తెరిచి, మూడు వేళ్ళు అడ్డంగా కోరపళ్ళ మధ్య పెట్టాడు. కుక్క నోరు తెరుచుకునే ఉంది. వేళ్ళు తీశాక ఆయన మణికట్టు నాకింది.

"ఇటు చూడరా వెంకట్. దీని కోరలకి మధ్య నా మూడు వేళ్ళు పట్టాయి. పిల్ల చేతి మీద గాట్ల మధ్య రెండు వేళ్ళు కూడా పట్టవు. ఇది దీని నోరు కాదు."

"మీరేగా చెప్పారు, అది పట్టిందంటే వదలదని? బజారంతా చెప్పారు. పండక్కొచ్చిన మా నాన్నగారికి కూడా చెప్పారు!" అంది బిందు, గోడని వదలకుండా.

"నేను చెప్పినంత పనీ ఇది చేసుంటే పిల్లకి చెయ్యి మిగిలేది కాదమ్మా. నేను అబద్ధం చెప్పాను. రెండేళ్ళుగా మీ అందరికీ అబద్ధమే చెప్పాను. దీనికి కరవడం చేతకాదు. బస్తాలు పోతాయని దీన్ని రాక్షసిని చేసి చూపించాను. రేకు మీద కొట్టి అరిపించింది కూడా నేనే."

లక్ష్మీకాంతం చేతిలో చేట కింద పెట్టింది. "నాక్కూడానా అండీ?" అంది మెల్లగా.

ఆయన తల దించుకున్నాడు. "నీక్కూడా కాంతం."

కుక్క బిందు చంకలో ఉన్న పిల్లని చూసి, ముందుకాళ్ళు చాపి, నడుం వంచి, తోకతో పాటు వెనక భాగమంతా ఊపింది. యశస్విని అమ్మ భుజం మీంచి తలెత్తి ఒక్కసారిగా ఏడ్చింది.

"పులి కాదు తాతయ్యా! పులి కాదు! మన పెరటి అవతల మిల్లు వెనకాల పిల్లలు పెట్టిన కుక్క. బుజ్జి కుక్కపిల్లని ఎత్తుకుంటే వాళ్ళమ్మ కరిచింది."

"మరి అబద్ధం ఎందుకు చెప్పావే?" వెంకట్ అరిచాడు.

"వీధి కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులంట! మా క్లాసులో ఎలీసబెతు వాళ్ళ అన్నయ్యకి వేశారంట. లేవలేకపోయాడంట. ఇంటి కుక్క కరిస్తే ఒకటేనంట..." మాటలు వెక్కిళ్ళలో కలిసిపోయాయి. "పులిని చంపేస్తానని నాన్న అన్నాడు. అప్పుడు చెబుదామంటే భయమేసింది."

ముందు తేరుకుంది గోవర్ధనరావే. ఆయన మనసు లెక్క వేసింది: బుధ, గురు, శుక్ర, శని. కరవని కుక్కని కాపలా కాస్తూ నాలుగు రోజులు గడిచిపోయాయి.

"వెంకట్, స్కూటర్ తియ్యి. పిల్లని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. నేను ఆ కుక్కని చూసొస్తాను" అని చెప్పులు కూడా వేసుకోకుండా బయల్దేరాడు.

మిల్లు వెనక పాత గోనెల మీద మూడు కుక్కపిల్లలు ఉన్నాయి. తల్లి లేదు. హమాలీ పోతురాజు అటే వచ్చాడు.

"ఈటి తల్లా అండీ? గురువారం నుంచి జాడ లేదండి. నేనే ఈటికి పాలు పోస్తన్నాను. ఏమండీ, మీ పులి పిల్లని కరిసిందంట గదా?"

"కరవలేదు పోతురాజూ. అది ఎవర్నీ కరవదు. నలుగురికీ చెప్పు" అన్నాడు గోవర్ధనరావు.

ఆ కబురుతో గోవర్ధనరావు ఆసుపత్రికి వచ్చాక, డాక్టరు గాయం చుట్టూ మందు ఎక్కించి, జబ్బకి మొదటి సూది వేశాడు. "ఆ కుక్క కనిపించడం లేదు కాబట్టి పూర్తి కోర్సు వేయాల్సిందే. ఆలస్యమైంది గానీ చెయ్యి దాటలేదు. పద్నాలుగు పాతకాలం మాట పాపా. ఇప్పుడు అయిదే, అదీ చేతికే. బొడ్డు జోలికి నేను రాను" అన్నాడు. యశస్విని కళ్ళు తుడుచుకుని, తన పొట్ట మీంచి చెయ్యి తీసింది.

బయట బల్ల మీద కూర్చున్న గోవర్ధనరావు దగ్గరికి బిందు వచ్చి నిలబడింది.

"పిల్లకి భయమేసి అబద్ధం చెప్పింది. ఎనిమిదేళ్ళది. మీకు తెలుసు, ఆ కుక్క కరవదని. మొదటి రోజే ఒక్క మాట అనుంటే నేను పిల్లని గుచ్చి గుచ్చి అడిగేదాన్ని కదా. నాలుగు రోజులు మావయ్యగారూ. నా కూతురి ప్రాణం మీద నాలుగు రోజులు."

జవాబు కోసం ఆగకుండా ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి బిందు మామగారితో మాట్లాడటం మానేసింది. గొడవ పడలేదు. వేళకి కాఫీ వచ్చేది, భోజనం వచ్చేది, మాట మాత్రం పిల్ల ద్వారా వచ్చేది. "యశూ, తాతయ్యని భోజనానికి లెమ్మను." "యశూ, తాతయ్య మందు వేసుకున్నారేమో అడుగు." ఎదురుగా కూర్చున్న మనిషికి మాట అలా చుట్టు తిరిగి చేరుతుంటే, గోవర్ధనరావు ప్రతి ముద్దా నీళ్ళతో మింగేవాడు. లక్ష్మీకాంతం కల్పించుకోలేదు. "మీరు చేసుకున్నదే" అంది ఒకసారి, అంతే.

మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు సూదులకి పిల్లని ఆయనే రిక్షాలో తీసుకెళ్ళాడు. పిల్లకి జ్వరం వచ్చిందేమోనని రోజూ రెండుసార్లు నుదురు చూసేవాడు. రేబీస్ సోకితే నీళ్ళంటే బెదురుతారని విని, గ్లాసు చేతికిచ్చి, తాగేదాకా కళ్ళప్పగించి నిలబడేవాడు. ఈలోగా బజారు నవ్వింది. "పులి పిల్లి అయిందంట కదా బావా" అన్నారు మొవ్వ రైతులు. వాళ్ళలో ఒకాయన కుక్క వీపు నిమిరి, దాని పక్కనే కూర్చుని చుట్ట కాల్చుకున్నాడు. నెల తిరక్కుండానే గోడౌనులో రెండు బస్తాలు పోయాయి. గోవర్ధనరావు ఎవరినీ అనుమానించలేదు. బాలస్వామి అనే అతన్ని కాపలాకి పెట్టుకున్నాడు. బాలస్వామికి తోడుగా కుక్క కూడా అతని మంచం కింద పడుకోవడం మొదలుపెట్టింది.

ఆఖరి సూది ఇరవై ఎనిమిదో రోజున. తిరిగొస్తూ రిక్షాలో యశస్విని అడిగింది.

"తాతయ్యా, అబద్ధం చెప్పింది నువ్వూ నేనూ. మరి కట్టేసింది పులినేగా?"

"అవునమ్మా."

"మరి దానికి సారీ చెప్పావా?"

"చెప్పలేదు."

"నేను రోజూ చెబుతున్నా" అంది పిల్ల. కాసేపాగి, "దానికి అర్థం కాదు, అయినా చెబుతున్నా" అంది.

ఆయన పైకండువా కళ్ళకి అడ్డం పెట్టుకున్నాడు. రిక్షా అతను ఎండనుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి గొలుసు ఖాళీగా ఉంది. కుక్క వంటింటి గుమ్మం బయట కూర్చుని ఉంది. బిందు లోపల నిలబడి, చేతిలో గిన్నెతో, అడుగు ముందుకు వేయాలా వద్దా అని చూస్తోంది. కుక్క కదలకుండా ఆమె మొహంలోకి చూస్తోంది. చివరికి ఆమె వంగి గిన్నె గడప అవతల పెట్టి, చెయ్యి గభాలున వెనక్కి తీసుకుంది. కుక్క గిన్నె వైపు చూడకుండా, ముందు ఆ చేతిని వాసన చూసింది. బిందు చెయ్యి మళ్ళీ మెల్లగా ముందుకి వచ్చి, దాని వెడల్పు తల మీద రెండు క్షణాలు ఆగింది.

అడుగుల చప్పుడుకి ఆమె తలెత్తింది. పిల్ల పక్కనే ఉంది. కానీ మాట పిల్లకి చెప్పలేదు.

"మావయ్యగారూ, దీనికి పెరుగన్నం పడుతుందా?"

"పడుతుందమ్మా" అన్నాడు గోవర్ధనరావు.

ఆ సీజనుకి పోయినవి రెండు బస్తాల మినుములు, ఊరికి ఉన్న భయం, ఆయన మాట మీద ఇంట్లో ఉన్న నమ్మకం. ఈ చివరిది మళ్ళీ సంపాదించడానికి ఎన్నేళ్ళు పడుతుందో ఆయనకి తెలీదు. మిగిలింది బతికి బాగున్న మనవరాలు, ఇంట్లో ఐదుగురికీ చేరువైన ఒక కుక్క, నెల రోజుల తరువాత ఎవరి చుట్టూ తిరక్కుండా నేరుగా తన దగ్గరికి వచ్చిన ఒక పిలుపు. లాభమే అనుకున్నాడు.