బైపాస్ హబ్‌లో పూల వ్యాన్

కారు చార్జింగ్‌లోనే ఉంది. లోపల కూర్చున్న మనిషి మాత్రం చనిపోయి ఉన్నాడు.

ముందుగా చూసింది వెనక వరసలో ఉన్న టాక్సీ డ్రైవరు. బ్యాటరీ ఎనభై శాతం దాటినా ఇతగాడు కారు తియ్యడేమిటని చిరాకు పడుతూ వచ్చి అద్దం మీద తట్టాడు. లోపలి మనిషి తల స్టీరింగ్ మీదికి ఒరిగిపోయి ఉంది. మెడ మీద సూది గుచ్చిన గుర్తు. అంత శుభ్రంగా చంపేవాళ్లు మామూలు దొంగలు కారు.

ఫైలు నేరుగా చీఫ్ బల్ల మీదికి వచ్చింది. చీఫ్ ఆఫీసు ఒక బీమా కంపెనీ బోర్డు వెనక, సెల్లార్‌లో ఉంటుంది. అక్కడి ఏసీ ఎప్పుడూ కారుతుంటుంది, కింద ఎప్పుడూ ఒక బకెట్ ఉంటుంది. దేశ రహస్యాలన్నీ ఆ బకెట్ పక్కనే మాట్లాడుకోవాలి. ఎదురు కుర్చీలో ఏజెంట్ మిరియం కూర్చుంది. మనిషి పొట్టి, మాట ఘాటు, అందుకే ఆ కోడ్ నేమ్.

"ఎవరు సార్ ఆయన?"

"ఇంజనీరు. దొర దగ్గర పనిచేసేవాడు. నిన్న మనకి ఫోన్ చేసి సగం చెప్పాడు. మిగతా సగం ఎదురుపడి చెప్తానన్నాడు."

"ఆ సగం ఏంటి?"

"బైపాస్ హబ్. రేపు మధ్యాహ్నం సైరన్."

దొర అంటే ఎవరో ఆ సెల్లార్‌లో అందరికీ తెలుసు. ఈ ప్రాంతంలో రోడ్డెక్కే బండ్లన్నీ ఇప్పుడు కరెంటువే. వాటికి ఊరూరా చార్జర్లు పెట్టింది ఏ కంపెనీ కాదు, ప్రాంతీయ మండలి. జనం కట్టిన పన్నులతో, జనం కోసం పెట్టింది. ఒక విదేశీ ముఠా ఆ నెట్‌వర్క్ మొత్తాన్ని కొనేయాలని చూసింది. దాని నాయకుడే మన ఫైళ్లలో దొర. మండలి ఓటు పెట్టింది. జనం పొమ్మన్నారు. అమ్మం అంటే అమ్మం. ఆ మాట వినే అలవాటు లేని మనిషి దొర.

కొననివ్వకపోతే చెడగొడతాడు. అదీ వాడి లెక్క. రేపు సాయంత్రానికి తుఫాను తీరం దాటబోతోంది. పల్లపు ప్రాంతం ఖాళీ చేసి జనమంతా కొండ మీది ఊళ్లకి వెళ్తున్నారు. దారిలో అందరూ ఆగేది బైపాస్ హబ్‌లోనే. అక్కడ రోజూ మధ్యాహ్నం సైరన్ మోగే వేళకి, చార్జర్లన్నిటినీ నడిపే సెంట్రల్ కంప్యూటర్ ఈ హబ్ నుంచి అప్‌డేట్ తీసుకోవడానికి తలుపు తెరుస్తుంది. కేబుల్‌లో కరెంటు ఒక్కటే పారుతుందని మనం అనుకుంటాం. నిజానికి బండీ చార్జరూ ఆ తీగలోనే మాట్లాడుకుంటాయి. విషపు ప్రోగ్రాం నింపిన బండి ఒకటి రేపు ఆ వేళకి అక్కడ ప్లగ్ అయి ఉంటే చాలు. సైరన్ ఆగేలోపు ప్రాంతంలోని ప్రతి చార్జరూ చచ్చి ఊరుకుంటుంది. తుఫానులో జనం రోడ్డు మీద ఇరుక్కుపోతారు. ప్రభుత్వ చార్జర్లు ఇంతేనని వాళ్లే తిట్టుకుంటారు. మర్నాడు దొర నవ్వుకుంటూ వచ్చి సంతకాలు పెట్టించుకుంటాడు.

హబ్ మూసేయొచ్చుగా అంది మిరియం. మూస్తే తుఫానుకి ముందే జనం ఇరుక్కుపోతారన్నాడు చీఫ్. పోనీ అప్‌డేట్ ఆపమంటే? కంట్రోల్ రూంలో దొర మనిషి ఒకడున్నాడు, ఎవడో తెలీదు, ఆ మాట అక్కడ పలికిన మరుక్షణం దొర ఇంకో దారి చూసుకుంటాడు. కాబట్టి మిరియం ఒక్కతే వెళ్లాలి, ఏ బండో కనిపెట్టాలి, ఆపాలి.

"ఇంకోటి," అన్నాడు చీఫ్. "దొర పక్కన నెమలి ఉంటుంది."

నెమలి మన ఏజెంటే. దొర సెక్రటరీగా చేరి చాలాకాలమైంది. ఆ చీరలూ, ఆ నల్లకళ్లద్దాలూ, ఆమె గదిలోకి వస్తే మాట మధ్యలో ఆగిపోయే మగాళ్లూ, అదంతా డ్యూటీలో భాగమేనని డిపార్ట్‌మెంట్ నమ్మకం. అయితే నెల రోజులుగా ఆమె నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఎదురుపడితే కోడ్ అడుగు, జవాబు రాకపోతే మనిషి అటు తిరిగిపోయిందని లెక్క, ఆ తర్వాత నీ ఇష్టం అన్నాడు చీఫ్. కోడ్ ఇది. "మీ బండికి ఏ ప్లగ్గండీ?" అని మిరియం అడగాలి. "పాతదే, గట్టిగా తొయ్యాలి" అని జవాబు రావాలి. ఇలాంటివి ఎవరు రాస్తారో ఆ దేవుడికే తెలియాలి.

గ్యాడ్జెట్ సెక్షన్ వాళ్లు పెన్నులా ఉండే జామర్ ఒకటి చేతిలో పెట్టారు. ఏ సిగ్నల్‌నైనా ఆపేస్తుందట.

మర్నాడు పొద్దున బైపాస్ హబ్‌లో నీలం కోటు తొడుక్కుని, మాస్క్ కట్టుకుని, చీపురు పట్టుకున్న కొత్త పనిమనిషిని ఎవరూ పట్టించుకోలేదు. ఆకాశం బూడిద రంగులో ఉంది. గాలికి రేకులు గలగలలాడుతున్నాయి. టాక్సీలు, వ్యాన్లు, మంచాలూ గ్యాస్ పొయ్యిలూ కట్టుకున్న కార్లు బారులు తీరాయి. ఒక్కడూ వరస తప్పడం లేదు. అంత భయంలోనూ తప్పడం లేదు. మిరియానికి అది చూసి గర్వంగా అనిపించింది.

అంతలో పిల్లల ఆసుపత్రి బస్సు వచ్చి ఆగింది. డ్రైవర్ సీట్లో మిరియం సొంత అక్క. మిరియం మాస్క్ పైకి లాక్కుని మొహం తిప్పుకుంది, లాభం లేదు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న నడకని మాస్క్ ఏం దాస్తుంది?

"ఏమే చిన్నీ, బీమా ఉద్యోగం పీకేశారా?"

"తర్వాత చెప్తానక్కా. నువ్వెందుకొచ్చావు? నీకీవాళ సెలవుగా."

సెలవు సంగతి తుఫానుకి తెలీదుగా అంది అక్క. లోపల పదకొండు మంది పిల్లలు, వెంట అమ్మలు; పిల్లల్లో ఇద్దరు ఆక్సిజన్ మీద ఉన్నారు. కొండెక్కాలంటే బ్యాటరీ సగమైనా నిండాలి, ఇప్పుడు అడుగంటి ఉంది. ఆసుపత్రి వాళ్లు ఇంకో డ్రైవర్ని పంపుతామంటే ఒప్పుకోలేదట. నా బస్సు, నా పిల్లలు, నేనే దిగబెడతా అందట. అక్క ఒకటి అనుకుందంటే ఇక అంతే.

అక్క ప్లగ్ పెట్టి, స్తంభానికున్న డబ్బాలోంచి ఎర్ర క్లిప్పు తీసి కేబుల్‌కి తగిలించింది. అవి బట్టలారేసే ప్లాస్టిక్ క్లిప్పులే. ఈ హబ్‌లో డ్రైవర్లు తమలో తాము పెట్టుకున్న పద్ధతి అది, ఏ రూల్ బోర్డు మీదా రాసి లేదు. ఆకుపచ్చ క్లిప్పుంటే ఎనభై నిండగానే నా ప్లగ్ తీసి నువ్వు పెట్టుకో అని. పసుపుదైతే నేనిక్కడే ఉన్నా, పిలువు అని. ఎర్రదైతే బండిలో రోగి ఉన్నారని. అది చూస్తే చాలు, వరసలో ఉన్నవాళ్లంతా సాయానికి వచ్చేస్తారు. అలాగే వచ్చారు. ఒకరు మంచినీళ్లు తెచ్చారు, ఒకరు కిటికీకి దుప్పటి కట్టారు. అందరూ బాబాయి అని పిలిచే ముసలి టాక్సీ డ్రైవరు ఆక్సిజన్ సిలిండర్లు కదలకుండా ఇటుకలు పెట్టాడు.

పక్క చార్జర్ దగ్గర అప్పుడే ప్లగ్ పెట్టిన పూల డెలివరీ వ్యాన్‌లోంచి ఒక మనిషి ఇదంతా చూస్తున్నాడు. పూలమ్మేవాడి చొక్కా తొడుక్కున్నాడు గానీ బూట్లు మాత్రం మార్చుకోలేదు. వాడే దొర. హబ్ డ్రాయింగులు, చార్జర్ల కోడ్, మన భాషతో సహా అన్నీ చదువుకుని వచ్చాడు. క్లిప్పుల సంగతి చెప్పే పుస్తకం ఎక్కడుంది గనక? వాడికి కనిపించిందల్లా ఒకటే. ఎనభై నిండిన ప్రతి బండి ప్లగ్గూ ఎవరో ఒకరు వచ్చి పీకేస్తున్నారు, ఎర్ర క్లిప్పున్న బస్సు ప్లగ్ జోలికి మాత్రం ఎవరూ పోవడం లేదు. ప్లగ్ లాక్ చేసినా, ఊడట్లేదేమని జనం మూగుతారు; సైరన్ వేళకి తన ప్లగ్ జోలికే ఎవడూ రాకూడదు. దర్జాగా నడిచొచ్చి డబ్బాలోంచి ఎర్ర క్లిప్పు తీసి తన కేబుల్‌కి తగిలించుకున్నాడు.

వ్యాన్ ముందు సీట్లో కూర్చున్న నెమలి అది చూసింది. ఈ హబ్‌కి ఆమె ఎన్నిసార్లు వచ్చిందో దొరకి తెలీదు. లిప్‌స్టిక్ తీసి అద్దంలో చూసుకుంటూ తీరిగ్గా దిద్దుకుంది.

తర్వాత జరగాల్సిందే జరిగింది. బాబాయి నీళ్ల సీసాతో వచ్చి వ్యాన్ తలుపు తట్టాడు. వెనకే నలుగురు, వాళ్ల వెనక పదిమంది. పేషెంట్ ఎవరు బాబూ, ఏం ఇబ్బంది అని అడిగాడు బాబాయి. ఎవరూ లేరు, వెళ్లండి అన్నాడు దొర. పేషెంట్ లేకుండా ఎర్ర క్లిప్పు ఎందుకు పెట్టావని ఇంకొకాయన నిలదీశాడు. దొర తడబడి వెనకాల పడుకుని ఉన్నారన్నాడు. అయ్యో, అసలే ఉక్కపోత, తలుపు మూసేసి ఉంచితే ఎలా అని బాబాయి వెనక తలుపు లాగేశాడు.

పూలూ లేవు, పేషెంటూ లేడు. నేల నుంచి పైకప్పు దాకా యంత్రాలు, మినుకుమినుకుమనే దీపాలు, మధ్యలో ఒక తెర మీద నిండుతున్న గీత.

చీపురు పారేసి పరుగెత్తుకొచ్చిన మిరియం నెమలి కళ్లలోకి చూసింది.

"మీ బండికి ఏ ప్లగ్గండీ?"

"పాతదే, గట్టిగా తొయ్యాలి," అంది నెమలి.

అప్పుడే సైరన్ మొదలైంది.

మిరియం జామర్ నొక్కింది. గీత ఆగలేదు. గాలిలో పోయేదాన్ని ఆపే యంత్రం తీగలో పోయేదాన్ని ఏం చేస్తుంది? గ్యాడ్జెట్ సెక్షన్‌ని మనసులో నాలుగు తిట్లు తిట్టి కేబుల్ పట్టుకు లాగింది. వ్యాన్ లోపలి నుంచి లాక్ చేసి ఉంది, ఊడదు. దొర పిస్తోలు తీశాడు. అందరినీ వెనక్కి జరగమన్నాడు. ఒక్కరూ జరగలేదు.

"కాల్చుకో," అన్నాడు బాబాయి. నీళ్ల సీసా ఇంకా చేతిలోనే ఉంది. "పొద్దున్నుంచి నిలబడ్డాం ఇక్కడ. నువ్వొచ్చి జరగమంటే జరగడానికా?"

దొర కళ్లు ఆ జనం మీద ఉన్న ఆ ఒక్క క్షణం నెమలికి సరిపోయింది. హైహీల్ చెప్పు తీసి మణికట్టు మీద ఒక్కటిచ్చింది. పిస్తోలు కింద పడింది. బాబాయి దాని మీద కాలేశాడు. ఇద్దరు డ్రైవర్లు దొర చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు. అయినా వాడు నవ్వాడు. వాడు విసిరేసిన వ్యాన్ తాళంచెవి అప్పటికే మురుగు కాలవలో ఉంది.

"ఇక మిగిలింది ఆ ఎమర్జెన్సీ బటన్ ఒక్కటే," అన్నాడు దొర. "నొక్కితే హబ్ మొత్తం ఆరిపోతుంది. సాయంత్రం దాకా వెలగదు. ఆ బస్సు కొండెక్కదు. నొక్కు చూద్దాం."

మిరియం చెయ్యి గోడ మీది ఎర్ర బటన్ దాకా వెళ్లి ఆగిపోయింది. నొక్కకపోతే వందల ఊళ్ల చార్జర్లు పోతాయి. నొక్కితే అక్క బస్సులో పదకొండు మంది పిల్లలు పల్లంలో తుఫాను నోట్లో ఉండిపోతారు. ట్రైనింగ్‌లో దీనికి ఎవరూ జవాబు చెప్పలేదు. అక్క వైపు చూసింది.

అక్కకి అంతా అర్థం కాలేదు, అర్థమైనంత చాలు. బస్సు మెట్టు మీద నిలబడి ఉంది, కళ్లలో నీళ్లున్నాయి, గొంతులో లేవు.

"నొక్కవే. వాడెవడే నా పిల్లల్ని అడ్డం పెట్టుకుని బెదిరించడానికి? నా బస్సు సంగతి నేను చూసుకుంటా. నువ్వు నొక్కు."

సైరన్ కిందికి దిగుతోంది. మిరియం కళ్లు మూసుకుని గట్టిగా నొక్కింది. టప్పుమని శబ్దం. హబ్‌లో ఉన్న ప్రతి దీపం ఆరిపోయింది. వ్యాన్‌లో గీత చివరికి వెంట్రుక వాసిలో ఆగి నల్లబడింది.

ఫోన్‌లో చీఫ్ గొంతు వినిపించింది. హబ్ తప్ప అన్ని స్టేషన్లూ బతికే ఉన్నాయట. మిరియం ఆ మాట సగమే విన్నది. బస్సు దగ్గరికి పరుగెత్తింది.

అప్పటికే అక్కడ ఎవరూ ఎవరికీ చెప్పకుండానే పని మొదలైపోయింది. చార్జింగ్ నిండిన టాక్సీలు ముందుకొచ్చాయి, ఖాళీవి పక్కకి తప్పుకున్నాయి. సామాన్లు కట్టుకున్న కార్లవాళ్లు మంచాలూ పొయ్యిలూ విప్పి రోడ్డు పక్కన పడేశారు. ఒక్కో కారులో ఒక్కో బిడ్డ, వాళ్ల అమ్మ. ఆక్సిజన్ సిలిండర్ ఒకటి బాబాయి టాక్సీ ఎక్కింది, రెండోది నెమలి ఎక్కడినుంచో ఆపి తెచ్చిన పెద్ద కారెక్కింది. ఆ కారాయన్ని ఏం చెప్పి ఒప్పించిందో అడగడానికి టైం లేదు. ఒక్కటి మాత్రం మిరియం అడిగింది. నెల రోజులు ఎందుకు కబురు చెయ్యలేదని. నా కబుర్లు వెళ్లేది మండలి లైన్ల మీదే, చేస్తే ముందు వినేది కంట్రోల్ రూంలో ఉన్న దొర మనిషేగా అంది నెమలి. వాడి పేరు చెప్పి మరీ కారెక్కింది.

చివరి పాపని ఒళ్లో పెట్టుకుని అక్క చివరి టాక్సీలో కూర్చుంది. ఖాళీ బస్సుని ఒకసారి చూసుకుంది. చెల్లెల్ని దగ్గరికి పిలిచి మాస్క్ కిందికి లాగి బుగ్గ నిమిరింది.

"బీమా ఆఫీసంట, బీమా. ఇంటికి రా, నీ పని చెప్తా."

టాక్సీలు ఒకదాని వెనక ఒకటి కొండ దారి పట్టాయి. మిరియం అక్కడే నిలబడి అన్నీ కనుమరుగయ్యేదాకా చూసింది. ఏడుపొచ్చింది, ఏడ్చేసింది. డ్యూటీలో ఏడవకూడదన్న రూల్ ఏదైనా ఉంటే ఆ రూల్ రాసినవాడికి అక్క లేనట్టే.

సంకెళ్లు వేసిన దొరని హెడ్ ఆఫీసుకి తరలించడానికి చీఫ్ తన సొంత కారు పంపాడు. పంపేముందు చార్జింగ్ పెట్టించడం మర్చిపోయాడు. కొండ పాదం దగ్గరికి వచ్చేసరికి బ్యాటరీ గుర్తు ఎర్రబడి మొత్తుకుంటోంది. అక్కడి స్టేషన్‌లో చార్జర్లన్నీ చక్కగా వెలుగుతున్నాయి, ముందు బండ్లు బారులు తీరి ఉన్నాయి. ప్రభుత్వ పని అని చెప్పి ముందుకెళ్లిపొమ్మని చీఫ్ ఫోన్‌లో ఆర్డరేశాడు. ఇవాళ మాత్రం కుదరదు సార్ అని మిరియం ఫోన్ పెట్టేసి వరస చివర కారాపింది.

వాన చినుకులు మొదలయ్యాయి. చాలాసేపటికి వెనక సీట్లోంచి దొర గొంతు సవరించుకున్నాడు.

"ఇంకా ఎంతసేపు?"

"తొందరగానే అయిపోతుంది. అన్నీ పనిచేస్తున్నాయి కదా," అంది మిరియం.